డబ్బా నుంచి నోటిదాకా

తిరుచానూరులో ఎవరినైనా ఆపి నర్సింగ్ హోమ్ ఎక్కడుందని అడగండి. తిరుపతి రోడ్డులో ఉన్న ఏదో పది పడకల ప్రైవేటు ఆసుపత్రి వైపు చేయి చూపిస్తారు. కాన్పులు, అపెండిక్స్ ఆపరేషన్లు, డెంగీ జ్వరాలకు సెలైన్లు. తెలుగులో ఆ మాటకు అర్థం అదే. అమెరికాలో అదే మాటకు అర్థం వేరు. తమ పని తాము చేసుకోలేని వయసులో మనుషులు ఏళ్ల తరబడి ఉండే చోటును అక్కడ నర్సింగ్ హోమ్ అంటారు. అలాంటి చోటుకు మనం పెట్టుకున్న పేరు వృద్ధాశ్రమం. ఆశ్రమం అనగానే ఒక మంచం, రెండు పూటల భోజనం, సాయంత్రం భజన గుర్తొస్తాయి. మందులు గుర్తురావు. లోపలికి వెళ్లి చూస్తే మాత్రం మంచాలకన్నా మందుల డబ్బాలే ఎక్కువ కనిపిస్తాయి.

పోయిన కార్తీకంలో నాకు మేనత్త వరసయ్యే పెద్దావిడను చూసిరావడానికి ఈ చుట్టుపక్కలే ఒక ఆశ్రమానికి వెళ్లాను. దాని పేరు ఇక్కడ అక్కర్లేదు. రాత్రి ఏడున్నరకు భోజనాలయ్యాక అటెండెంట్ అమ్మాయి స్టీలు తాంబాళంలో పద్దెనిమిది చిన్న గిన్నెలు పెట్టుకుని వచ్చింది. గిన్నెల మీద పేర్లు లేవు, ఆమె చేతిలో చీటీ లేదు. ఎలా గుర్తుపెట్టుకుంటావమ్మా అంటే నవ్వింది. "తెల్లది పొద్దన్నే, పచ్చది రాత్రికి, ఎర్రది అన్నం తిన్నాక. అందరివీ నోటికొచ్చు సార్, మూడేండ్లుగా ఇస్తా ఉండా" అంది. నిజంగానే నోటికొచ్చు. పద్దెనిమిది మంది రోగాలూ వరసగా ఒప్పజెప్పింది.

మా అత్త మాత్రం గోడ పట్టుకుని నడుస్తోంది. "నాలుగు దినాలుగా కండ్లు తిరగతా ఉండాయి నాయనా, సోమవారం ఒక్కపొద్దు ఉన్న్యా కదా, దానికేమో" అంది. ఆవిడ మందుల సంచి విప్పి చూశాను. రెండు స్ట్రిప్పులున్నాయి. ఒకదాంట్లో తెల్ల మాత్రలు, ఇంకోదాంట్లో లేత పసుపువి. కంపెనీలు వేరు, పేర్లు వేరు. వెనక సన్నటి అక్షరాల్లో రెండిటి మీదా ఉన్న మందు ఒకటే, బీపీకి వేసే ఆమ్లోడిపిన్. షాపులో పాత కంపెనీది లేకపోతే వేరే కంపెనీది ఇచ్చారు. పాత స్ట్రిప్పులో మాత్రలింకా మిగిలే ఉన్నాయి. రంగు మారింది కాబట్టి డాక్టరు కొత్త మాత్ర రాశాడనుకుంది ఆ అమ్మాయి. నాలుగు రోజులుగా రెండూ వేస్తోంది.

తప్పు ఎవరిదంటే తిలాపాపం తలా పిడికెడు. డాక్టరు బ్రాండు పేరు రాశాడు. చీటీలో జనరిక్ పేరు, అందునా వీలైతే పెద్దక్షరాల్లో, రాయాలని వైద్య మండలి 2016లోనే నియమావళి సవరించినా అది ఎన్ని చీటీల్లో కనిపిస్తుందో పాఠకులకు తెలుసు. షాపువాడు బ్రాండు మార్చి, మార్చినట్టు చెప్పలేదు. నెలనెలా డబ్బు పంపే కొడుకు డాలస్‌లో ఉన్నాడు. మేనేజరుకు అద్దె, కరెంటు బిల్లు, వంటమనిషి సెలవులతోనే సరిపోతుంది. చివరికి నలుగురి మధ్య నిలబడి నింద మోయాల్సింది తాంబాళం పట్టుకున్న అమ్మాయి. వీళ్లందరిలో తక్కువ జీతం ఆమెదే.

ఈ దేశంలో మందుల మీద చట్టాలకు కొదవ లేదు. ఉదాహరణకు నిద్రమాత్ర అల్ప్రాజోలామ్‌నే తీసుకోండి. 2014 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన హెచ్1 షెడ్యూలులో అదీ ఉంది. అమ్మిన ప్రతిసారీ రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలో షాపువాడు ప్రత్యేక రిజిస్టరులో రాయాలి. ఆ రిజిస్టరు మూడేళ్లు దాచాలి. ఫార్మసీ చట్టం (1948) 42వ సెక్షను ప్రకారం చీటీ చూసి మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. ఇంత పహరా మధ్య నుంచి వచ్చిన మాత్ర ఆశ్రమం గేటు దాటగానే అనాథ అవుతుంది. ఎవరికి ఎన్ని వేశారు, ఎందుకు వేశారు, ఏ రాత్రి వేశారు అని రాసే పుస్తకం లోపల లేదు. రాయాలని చెప్పినవాళ్లూ లేరు. రాత్రంతా లేచి తిరుగుతూ, గట్టిగా మాట్లాడే ముసలాయనకు అర మాత్ర ఎక్కువ వేస్తే డ్యూటీలో ఒంటరిగా ఉన్న మనిషికి నిద్ర పడుతుంది. ఆయన పొద్దున బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగితే దాన్ని వయసు ఖాతాలో రాసేస్తాం.

ఆసుపత్రుల మీద రాష్ట్రానికి 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. దాని చూపు చికిత్స చేసే చోట్ల మీద. ఆశ్రమం చికిత్స చేయదు, "చూసుకుంటుంది". తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం (2007) జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమంతో మొదలుపెట్టి, అందులో కనీసం 150 మంది పేదలకు రాష్ట్ర ప్రభుత్వం చోటు కల్పించవచ్చంది. 19వ సెక్షనులో ఇంకో మాట కూడా ఉంది. ఆ ఆశ్రమాల్లో వైద్య సంరక్షణకు కావాల్సిన ప్రమాణాలు ఏమిటో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించవచ్చు అని. నిర్ణయించాలి అని కాదు, వచ్చు అని. ప్రైవేటు కేర్ హోమ్‌లకూ, ఇళ్లకు మనుషులను పంపే ఏజెన్సీలకూ రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు తెచ్చే సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది, స్థాయీ సంఘానికి వెళ్లింది, 2024లో ఆ లోక్‌సభతోపాటే కాలం చేసింది.

నర్సుల సంగతి చూద్దాం. ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ అని చదువులున్నాయి. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. కానీ ఆశ్రమంలో మందులిచ్చే మనిషి ఈ మెట్లలో ఏ మెట్టు మీదా లేదు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ అనే పొట్టి కోర్సులు ఉన్నాయి. అవి చదివినవాళ్లు దొరకడమే అదృష్టం, దొరికినా పెద్దాసుపత్రులు ముందే తీసుకుపోతాయి. జీఎన్ఎం చేసిన అమ్మాయి చెన్నైకో బెంగళూరుకో పోతుంది, అక్కణ్నుంచి గల్ఫుకు పోతుంది. పోకుండా ఎందుకుంటుంది?

ఇంట్లో కోడలు అత్తగారికి ఇన్సులిన్ సూది వేస్తే ఏ చట్టమూ అడ్డు చెప్పదు, చెప్పకూడదు కూడా. ఆశ్రమాల వాళ్లు చెప్పే సమాధానం ఇదే. ఇల్లు చేసే పనే మేమూ చేస్తున్నాం అంటారు. మాట సబబుగానే వినిపిస్తుంది. కాకపోతే కోడలికి ఒక్క అత్తే. అటెండెంటుకు పద్దెనిమిది మంది అత్తలు. కోడలికి ఆవిడ నిన్న ఏం తిన్నదో తెలుసు, పోయిన నెల డాక్టరు ఏం మార్చాడో తెలుసు. నర్సింగ్ పాఠాల్లో మొదటి రోజే చెప్పే సూత్రం ఒకటుంది: సరైన మనిషికి, సరైన మందు, సరైన మోతాదులో, సరైన దారిలో, సరైన వేళకు. నేను చూసిన అమ్మాయికి ఈ ఐదింటిలో మనుషులూ తెలుసు, వేళలూ తెలుసు. మిగతా మూడూ రంగులే చెప్పాలి.

ఇన్సులిన్ దగ్గర రంగులు ఇంకా పెద్ద మోసం చేస్తాయి. మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. మామూలు సీసాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్నుల్లో, కార్ట్రిడ్జిల్లో, కొన్ని ఖరీదైన సీసాల్లో 100 యూనిట్లు. దేని సిరంజి దానికే. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. రాత్రి ట్యూబులైటు వెలుగులో ఎరుపుకూ నారింజకూ తేడా ఎంత? వంద బలం ఉన్న మందును ఎర్ర మూత సిరంజితో 20 గీతదాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. రెండున్నర రెట్లు. ఎనభయ్యేళ్ల మనిషికి తెల్లవారుజామున షుగరు పడిపోతే అరిచి చెప్పే ఓపిక ఉండదు. చెమటలు పడతాయి, మాట తడబడుతుంది, నిద్రలో ఉన్నట్టే ఉంటారు. పొద్దున కాఫీ తెచ్చిన మనిషి లేపేదాకా ఎవరికీ తెలియదు. ఇది తిరగబడితే, అంటే 40 బలాన్ని నారింజ మూత సిరంజితో లాగితే, 20కి బదులు 8 యూనిట్లే వెళతాయి. అప్పుడు షుగరు వారాల తరబడి ఎక్కువ ఉంటుంది. డాక్టరు అది చూసి డోసు పెంచుతాడు. ఒకరోజు ఎవరో సరైన సిరంజి కొనుక్కొస్తారు. పెంచిన డోసు పూర్తిగా ఒంట్లోకి వెళ్లేది ఆ రోజే.

దీనికి తిరుచానూరు తన వంతు ఒక చిక్కు జోడిస్తుంది. అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాల చివరి రోజు పంచమీ తీర్థం. పద్మసరోవరంలో చక్రస్నానం అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టని పెద్దలు ఈ ఊళ్లో ఇంటికొకరు ఉంటారు. స్వామి పాదాల దగ్గర రోజులు వెళ్లదీద్దామని ఎక్కడెక్కణ్నుంచో వచ్చి ఆశ్రమాల్లో చేరినవాళ్లు ఆ రోజు ఒక్కపొద్దు విడిచిపెడతారా? పొద్దున ఆరు గంటలకు ఇన్సులిన్ వేయాలి. మనిషి తినదు. వేయాలా, మానాలా, సగం వేయాలా? ఇది డాక్టరు ముందురోజే చెప్పాల్సిన మాట. చెప్పే డాక్టరు లేడు, అడగాలని ఎవరికీ తోచదు. ఆరు గంటలకు నిర్ణయం తీసుకునేది అటెండెంటే. సాయంత్రం కథ తిరగబడుతుంది. చక్కెర పొంగలి, లడ్డూ ప్రసాదం కాదనేవాళ్లు ఎవరు?

మరో రకం ప్రమాదం పేర్లలో ఉంది. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేయాలి. దాంతోపాటు మరో రోజు ఫోలిక్ యాసిడ్ వేస్తారు. మెథోట్రెక్సేట్ బ్రాండు ఒకటి ఫోలిట్రాక్స్, ఫోలిక్ యాసిడ్ బ్రాండు ఒకటి ఫోల్వైట్. రెండూ ఒకే చీటీలో పక్కపక్కన ఉంటాయి. వారానికొకసారి వేయాల్సింది రోజూ వేస్తే నోరు పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం పోతుంది. మందుల పేర్లు ఒకదాన్నొకటి పోలి ఉండటం గురించి సుప్రీంకోర్టు 2001లోనే, ఫాల్సిగో, ఫాల్సిటాబ్ పేర్ల తగాదాలో, మిగతా సరుకులకన్నా మందుల విషయంలో మరింత కఠినంగా ఉండాలని చెప్పింది. ఇక మింగలేనివాళ్లకు మాత్ర నలిపి అన్నంలో కలపడం అన్ని చోట్లా జరిగేదే. రోజంతా కొంచెం కొంచెంగా కరగాల్సిన ఎస్‌ఆర్, ఎక్స్‌ఎల్ మాత్రలను నలిపితే మొత్తం మందు ఒక్కసారే దిగుతుంది. ఆ రెండక్షరాలకు అర్థం చెప్పినవాళ్లు ఉంటేగా.

అందుకని ప్రతి ఆశ్రమంలో రిజిస్టర్డ్ నర్సు ఉండి తీరాలని జీవో తెస్తే సరిపోతుందా? నాకలా అనిపించదు. తెస్తే మూడు నెలల్లో ప్రతి ఆశ్రమంలోనూ ఒక నర్సు ఉంటుంది, కాగితం మీద. ఆమె సర్టిఫికెట్టు గోడకు వేలాడుతుంది, ఆమె చెన్నైలో ఉంటుంది. తెలుగునాట ప్రైవేటు ఆసుపత్రుల రాత్రి డ్యూటీల్లో ఎంబీబీఎస్ బదులు వేరే వైద్య పద్ధతులు చదివినవాళ్లు అల్లోపతి మందులు రాస్తుండటం చూస్తూనే ఉన్నాం. హోమియో డాక్టరు అల్లోపతి మందులిచ్చి రోగి చనిపోయిన కేసులో అది దానికదే నిర్లక్ష్యమని 1996లో పూనమ్ వర్మ తీర్పులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ముప్పయ్యేళ్లు కావస్తున్నా పరిస్థితి ఎక్కడుందో అక్కడే ఉంది. డిగ్రీ అడగడం తేలిక. పని ఎక్కడిదాకానో చెప్పడం కష్టం.

పోనీ అన్నీ సక్రమంగా ఉన్న దేశాల సంగతేమిటి? అమెరికాలో 1987 చట్టం తర్వాత నర్సింగ్ హోమ్‌లకు కేంద్ర ప్రభుత్వ నిబంధనలు కఠినమయ్యాయి. ప్రతి మనిషి మందుల చీటీని నెలకోసారి ఫార్మసిస్టు పరిశీలించాలి. తనిఖీలో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లు 5 శాతానికి చేరకూడదు. చాలా రాష్ట్రాల్లో మెడికేషన్ ఎయిడ్ అని ఒక ఉద్యోగం ఉంది. ఆమె నర్సు కాదు. శిక్షణ పొంది, పరీక్ష రాసి, నర్సు కింద మాత్రలివ్వడం వరకే ఆమె పని. అయినా పొరపాట్లు ఉండవని కాదు. బ్రిటన్‌లో 55 కేర్ హోమ్‌లలో 256 మందిని పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో పదిమందిలో ఏడుగురి మందుల్లో కనీసం ఒక పొరపాటు దొరికింది. రాసిన చీటీలో, ఇచ్చిన షాపులో, వేసిన చేతిలో, అన్ని చోట్లా. నర్సులూ చార్టులూ ఉన్న చోట లెక్క అది. మన దగ్గర లెక్కపెట్టడమే మొదలవలేదు కాబట్టి మన ఆశ్రమాల్లో పొరపాట్లు సున్నా.

పరాయి దేశం దాకా పోనక్కర్లేదు. దీనికి జవాబు మన పాత చిత్తూరు జిల్లాలోనే ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం తెరిచారు. మద్రాసు రాష్ట్రం నలుమూలల నుంచీ రోగులు అక్కడికి వచ్చి నెలల తరబడి ఉండేవారు. పడకలు చాలేవి కావు. 1959లో మద్రాసు క్షయ చికిత్సా కేంద్రం తన అధ్యయనం ప్రచురించి, సరిగ్గా మందులు మింగితే ఇంట్లో ఉన్నా శానటోరియంలో ఉన్నా ఒకేలా నయమవుతుందని నిరూపించింది. దాంతో అసలు ప్రశ్న మారిపోయింది. పడక ఎక్కడ అన్న మాట పోయి, మాత్ర నిజంగా మింగాడా లేదా అన్నది మిగిలింది. చివరికి మందు కళ్లముందే మింగించే డాట్స్ పద్ధతి వచ్చింది. 1997లో మొదలై 2006 నాటికి దేశమంతా పాకింది. ఒక్కో రోగికి తన పేరుతో ఒక డబ్బా, ఆ చికిత్సకు కావాల్సిన మందులన్నీ అందులోనే. మందు ఇచ్చేది డాక్టరు కాదు, నర్సు కూడా కాకపోవచ్చు. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, కొన్నిచోట్ల కిరాణా కొట్టాయన. మందు ఇచ్చే మనిషి పని ఏమిటో స్పష్టంగా ఉండేది: కళ్లముందు మింగించు, కార్డు మీద గుర్తు పెట్టు, రాకపోతే కబురు చెయ్యి. డోసు మార్చడం ఆయన పని కాదు. ఒంట్లో బాగాలేదంటే ఏం చేయాలో ఆలోచించడం కూడా ఆయన పని కాదు, పీహెచ్‌సీకి పంపడమే. డాట్స్‌కు లోపాలున్నాయి, వారానికి మూడు రోజుల మందులు పోయి 2017లో రోజువారీ మందులు వచ్చాయి. కానీ వైద్యం చదవని చేతులతో చేటు చేసే మందులను కోట్లమందికి ఇప్పించగలిగాం. అది సాధ్యమైంది ఆ చేతికి ఎక్కడ ఆగాలో చెప్పాం కాబట్టే.

ఆశ్రమంలోని అమ్మాయికి అలా చెప్పిన మనిషి ఒక్కరూ లేరు. ఆమె మాత్రలిస్తుంది, సూది వేస్తుంది, ముక్కు గొట్టంలో మందు పోస్తుంది, బీపీ తక్కువుంటే మాత్ర మానేస్తుంది, నిద్రపోకపోతే మాత్ర పెంచుతుంది. వీటిలో మొదటిది ఆమె భేషుగ్గా చేయగలదు, మాత్రలు వేరొకరు సర్ది, పేరు రాసి, మూత వేసి ఇస్తే. సూది, గొట్టం నర్సు నేర్పి, సంతకం పెట్టి, అప్పుడప్పుడు వచ్చి చూస్తే చేయగలదు. చివరి రెండూ ఆమె ఎప్పటికీ చేయకూడదు. చేయకూడదని చెప్పినప్పుడు, అర్ధరాత్రి ఎవరికి ఫోను చేయాలో కూడా చెప్పాలి. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రోగి తరఫున దగ్గరున్న మనిషి డాక్టరుతో ఫోనులో మాట్లాడవచ్చు. కాబట్టి చట్టం అడ్డు కాదు. ఆశ్రమానికి ఒక డాక్టరు నంబరు, ఆ డాక్టరుకు ఇంత అని నెల జీతం, అంతే ఇక్కడ లేనిది.

మాత్రలు సర్దేదెవరు? తిరుచానూరులోనే ఒక ఫార్మసీ కళాశాల ఉంది, తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయంలో మరో ఫార్మసీ విభాగం ఉంది. దేశంలో ఫార్మ్.డి. కోర్సు 2008లో వచ్చింది. ఐదేళ్లు చదివి, ఆరో ఏడాది ఆసుపత్రి వార్డుల్లో రోగుల చీటీలు చదవడం నేర్చుకుని బయటికొచ్చిన పిల్లలకు మందుల కంపెనీలో డేటా ఎంట్రీయో, షాపులో కౌంటరో దొరుకుతోంది. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి మందుల గురించి చెప్పడం ఫార్మసిస్టు పనే అంటున్నాయి. నెలకోసారి ఒక ఫార్మసిస్టు ఆశ్రమానికి వచ్చి పద్దెనిమిది సంచులు విప్పి, ఒకే మందు రెండు పేర్లతో ఉందా, పాత స్ట్రిప్పులు మిగిలాయా, నలపకూడనిది నలుపుతున్నారా అని చూస్తే ఒక పూట పని. మా అత్త సంచిలోని తప్పు పట్టడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది, అదీ కళ్లజోడు వెతుక్కున్నాక.

ఈ పని చేయండని ఆజ్ఞ ఇవ్వాల్సినవాళ్లూ దూరంలో లేరు. తిరుచానూరులో భక్తుల వసతికని టీటీడీ కట్టిన పద్మావతి నిలయం కోవిడ్ రోజుల్లో రోగుల కేంద్రమైంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా పుట్టినప్పుడు కొత్త కలెక్టరేటు మొదలైందీ ఆ భవనంలోనే. 2007 చట్టం కింద రాష్ట్రం అధికారాలు అప్పగించగలిగింది జిల్లా మేజిస్ట్రేటుకే, ట్రైబ్యునల్‌లో కూర్చునేది ఆర్డీవోనే. కొడుకు అన్నం పెట్టడం లేదని వచ్చిన అర్జీలు వింటారు, మంచి పనే. ఆశ్రమాల్లో పెట్టే అన్నంతోపాటు ఏ మాత్ర వేస్తున్నారని ఒక్కసారి అడిగితే జిల్లాలో ఎన్ని ఆశ్రమాలున్నాయో ముందు లెక్క తేలుతుంది. పెద్దల కోసం కేంద్రం పెట్టిన 14567 నంబరు ఉంది, మందు వికటిస్తే చెప్పుకోవడానికి 1800-180-3024 ఉంది. ఈ రెండు నంబర్లూ మందుల గిన్నెలు పెట్టే గది గోడ మీద రాయించడానికి జీవో కూడా అక్కర్లేదు.

ఖర్చు మాట వస్తుంది. పేదల ఆశ్రమం ఎక్కడ తెస్తుంది, దాతల మీద బతికేది అంటారు. నిజమే. అన్నదానానికి పేర్లు రాయించుకోవడానికి వరసలో నిలబడే దాతలున్న ఊరిది. పుట్టినరోజుకు, వర్ధంతికి ఒక పూట భోజనం పెడతారు, ఫలకం మీద పేరు చెక్కిస్తారు. ఒక నెల ఫార్మసిస్టు జీతానికి ఎవరూ పేరు రాయించుకోరు. అడిగినవాళ్లూ లేరనుకోండి.

ఆ రాత్రి రెండు స్ట్రిప్పులూ పక్కపక్కన పెట్టి, వెనక ఉన్న చిన్నక్షరాలు ఆ అమ్మాయికి చూపించాను. కాసేపు చూసింది. భయపడింది కూడా, ఉద్యోగం పోతుందేమోనని. తర్వాత ఆఫీసు గదిలోంచి పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపుకొచ్చింది.

"ఇవి రెండూ ఒగటే మందని దీని మీద రాసిచ్చిపోండి సార్. తెలుగులో రాయండి. రేపు రాత్రి డ్యూటీ నాది కాదు."